రేగడిలో నీళ్లను కరెంటు కదిలిస్తుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. బంకమట్టిలో రాడ్లు దించి కరెంటు పంపితే నీరు కదులుతుందా, కదిలితే మనకేం లాభం అని. ఉద్యోగకాలమంతా నేల పరీక్షల ల్యాబ్‌లో, ఆ తర్వాత సివిల్ విద్యార్థులకు పాఠాలు చెబుతూ గడిపిన నాకు ఇది బాగా ఇష్టమైన విషయం. పైగా ఒక ఉత్తరంలో డబ్బు పోయే ప్రమాదం కనిపిస్తోంది. అందుకని మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మాది నంద్యాల దగ్గర పల్లె. నల్లరేగడి నేల. అప్పు చేసి కట్టుకున్న ఇంటికి గోడలు పగుళ్లిచ్చాయి. వానాకాలంలో తలుపులు పట్టేస్తాయి, ఎండాకాలంలో పగుళ్లలో వేలు దూరుతుంది. మొన్న ఒక సంస్థ వాళ్లు వచ్చి, ఇంటి చుట్టూ ఇనుప రాడ్లు దించి వాటికి మా పెట్టె కలుపుతాం, కరెంటుతో పునాది కింద నీళ్లన్నీ బయటకు లాగేస్తాం, ఇక జన్మలో పగుళ్లు రావు అన్నారు. పెట్టె ఇన్వర్టర్ అంత ఉంది, మామూలు ప్లగ్గుకే పెట్టారు. అడ్వాన్సు అడుగుతున్నారు. ఇందులో నిజముందా?

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండి. ముందు ఆ మాట చెప్పి తర్వాత వివరంలోకి వెళ్తాను.

వాళ్లు చెప్పిన శాస్త్రం అబద్ధం కాదు. అందుకే జనం నమ్ముతారు. తడి బంకమట్టిలో రెండు రాడ్లు దించి డీసీ కరెంటు, అంటే ఒకే దిక్కుకు పారే కరెంటు ఇస్తే ప్లస్ రాడ్ దగ్గర నుంచి మైనస్ రాడ్ వైపు నీరు నిజంగానే నడుస్తుంది. దీన్ని ఎలక్ట్రో ఆస్మాసిస్ అంటారు. మొదట గమనించింది మాస్కోలో రసాయన శాస్త్రం బోధించిన ఫెర్డినాండ్ రాయిస్. వోల్టా బ్యాటరీ పుట్టి పదేళ్లయినా కాని రోజులవి. రాయిస్ తడి బంకమట్టి ముద్దలో రెండు గాజు గొట్టాలు గుచ్చి, వాటిలో నీళ్లు పోసి, బ్యాటరీ తీగలు ముంచాడు. మైనస్ వైపు గొట్టంలో నీటి మట్టం పెరిగింది. ప్లస్ వైపు గొట్టంలో నీళ్లు మట్టి రేణువులతో మసకబారాయి. అంటే నీరు ఒకవైపు, మట్టి రేణువు రెండోవైపు కదిలాయన్నమాట. 1807లో చూపించిన ఈ ప్రయోగం 1809లో అచ్చయింది. దానికి లెక్కల్లో సరైన వివరణ జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ నుంచి 1879లో గాని రాలేదు.

ఎందుకు కదులుతుంది? బంకమట్టి రేణువుల ఉపరితలం మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. దానికి ఆకర్షణ పొంది సోడియం, కాల్షియం లాంటి ధన అయాన్లు రేణువు చుట్టూ ఉన్న నీటిలో చేరి ఉంటాయి. కరెంటు ఇచ్చినప్పుడు ఇవి మైనస్ రాడ్ వైపు బయలుదేరతాయి. జాతరలో ఇరుకు సందులో పదిమంది ఒకే దిక్కుకు తోసుకుంటూ నడిస్తే మధ్యలో ఉన్నవాళ్లు కూడా అటే కొట్టుకుపోతారు కదా, ఆ అయాన్లతో పాటు నీరు కూడా అలాగే వెళ్తుంది. సందు ఎంత ఇరుకైతే ఈ పద్ధతి అంత గొప్పగా కనిపిస్తుంది. ఎందుకంటే, మామూలు ఒత్తిడితో నీరు పారేటప్పుడు సందు వెడల్పు సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. కరెంటు లాగుడుకు ఆ బాధ లేదు. సందు చిన్నదైనా వేగం ఇంచుమించు అంతే.

ఇసుకలో దీని అవసరమే లేదు, బావి తవ్వితే నీళ్లు వాటంతటవే వస్తాయి. బంకమట్టిలో సంగతి వేరు. సెకనుకు మీటరులో వందకోట్లవ వంతు నీటిని వదిలే బంకమట్టిని తీసుకోండి, ఇది సాధారణమైన విలువే. నిట్టనిలువుగా దిగే నీరు కూడా అందులో ఏడాదికి 3 సెంటీమీటర్లే కదులుతుంది. అదే మట్టిలో మీటరుకు 50 వోల్టుల చొప్పున డీసీ ఇస్తే రోజుకు సుమారు 2 సెంటీమీటర్లు కదులుతుంది. ఏడాది పని రెండు రోజుల్లోపు అయిపోయింది. నాకు ఈ అంకె ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

ఇక మీ ఇంటి సంగతి. కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వేయండి. ఇల్లు 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అనుకుందాం. రేగడిలో తడి మారే లోతు సుమారు మూడున్నర మీటర్లు. అంటే ఇంటి కింద 350 ఘనపు మీటర్ల మట్టి. మీటరుకు 50 వోల్టులు వద్దు, చాలా తక్కువగా 20 వోల్టులే ఇద్దాం. ఇంటికి ఆ పక్కన ప్లస్ రాడ్ల వరస, ఈ పక్కన మైనస్ రాడ్ల వరస, మధ్య 10 మీటర్లు కాబట్టి మొత్తం 200 వోల్టులు. తడి రేగడి కరెంటును బాగా వదులుతుంది. దాని నిరోధకత 5 ఓమ్ మీటర్లు అనుకుంటే 140 ఆంపియర్లు పారతాయి. అంటే 28 కిలోవాట్లు. రోజుకు 672 యూనిట్లు. మీ బిల్లులో యూనిట్ రేటు చూసి మీరే గుణించండి. ఆ ఖర్చుకు బయటకు వచ్చే నీరు రోజుకు 300 లీటర్లు.

ఇన్వర్టర్ అంత పెట్టె, ఐదు ఆంపియర్ల ప్లగ్గు. దాని నుంచి వచ్చేది ఎంత లాగినా ఒక కిలోవాటు చిల్లర. ఇరవై ఎనిమిది ఎక్కడ, ఒకటి ఎక్కడ. వాళ్లు మళ్లీ వస్తే మూడు విషయాలు అడగండి: ఎన్ని ఆంపియర్లు పంపుతారు, మైనస్ రాడ్ దగ్గర చేరిన నీటిని ఏ గొట్టం ద్వారా, ఏ పంపుతో తోడి పోస్తారు, ప్లస్ రాడ్లు అరిగిపోతే ఎవరు మారుస్తారు. మూడోది చిన్న విషయం కాదు. ప్లస్ వైపు ఇనుము కరిగిపోతుంది. ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక గ్రాము పైచిలుకు ఇనుము పోతుంది. మన లెక్కలో ఉన్న 140 ఆంపియర్లకు రోజుకు మూడున్నర కిలోలు. ఈ మూడింటికీ అంకెలతో జవాబు చెప్పలేనివాళ్లు ఈ పని ఎప్పుడూ చేసినవాళ్లు కారు.

ఒకవేళ నీరు పోయిందనే అనుకుందాం. ప్లస్ వైపు మట్టి ఎండి కుంచించుకుపోతుంది, మైనస్ వైపు తడిసి ఉబ్బుతుంది. ఇంటికి ఒక పక్క కుంగి, ఇంకో పక్క లేస్తే గోడకు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ పగుళ్లకు మూలం తడి ఉండటం కాదు, తడి మారుతూ ఉండటం. రేగడిలో ఉన్న మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. కరెంటు ఆ గుణాన్ని మార్చదు. మొదటి వానకు నీళ్లు మళ్లీ వచ్చి చేరతాయి. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు. అవి పునాది పక్కన జారితే ఆ పెద్ద యంత్రం మూడు రోజులకు పైగా చేసిన పని ఒక గంటలో చెడిపోతుంది.

కాబట్టి ఆ వెయ్యి లీటర్లతో మొదలుపెట్టండి. డాబా నీటి గొట్టాలన్నీ ఇంటికి దూరంగా పోయేలా పొడిగించండి. ఇంటి చుట్టూ కనీసం మీటరున్నర వెడల్పు గచ్చు, బయటకు వాలు ఉండేలా, గోడకూ గచ్చుకూ మధ్య సందు లేకుండా వేయించండి. స్నానాల గది నీళ్లు, బోరు దగ్గర కడుగు నీళ్లు గోడ వారన ఇంకకూడదు. ఇంకుడు గుంత మంచిదే, కానీ రేగడిలో పునాదిని ఆనుకుని తవ్వారో అది ఇంటికి శత్రువు. గోడ పక్కన వేప, రావి లాంటి పెద్ద చెట్టు ఉంటే ఎండాకాలంలో అది ఒక మూల నుంచి నీరు లాగేస్తుంది, దాన్నీ చూసుకోండి. పగుళ్ల మీద అడ్డంగా పెన్సిల్ గీత గీసి తేదీ రాయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక ఏ పగులు కదిలిందో, ఏది ఆగిందో తెలుస్తుంది. అది తెలియకుండా సిమెంటుతో పూడ్చడం డబ్బు దండగ.

నేల ఎంత ఉబ్బుతుందో తెలుసుకునే పరీక్ష చాలా చవక. జల్లించి ఆరబెట్టిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలగాజుల్లో వేసి, ఒకదానిలో నీళ్లు, ఒకదానిలో కిరోసిన్ పోసి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. ఆ తేడాయే లెక్క. తేడా 50 శాతం దాటితే ఉబ్బే నేలగానే చూడాలి. ఏ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లోనైనా చేస్తారు. ఇంకో గది వేసే ఆలోచన ఉంటే దానికి అండర్ రీమ్డ్ పైల్స్ వేయించండి, అంటే అడుగున ఉబ్బెత్తుగా తవ్వి పోసే కాంక్రీటు స్తంభాలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ మన నల్లరేగడి కోసమే ఈ పద్ధతిని తీర్చిదిద్దింది. అవి తడి మారే లోతును దాటి కింది నేలను పట్టుకుంటాయి. పైన మట్టి ఉబ్బినా, కుంగినా ఇంటి బరువు దాని మీద ఉండదు. గోడలను మోసే ప్లింత్ బీమ్‌కూ నేలకూ మధ్య ఖాళీ వదిలారో లేదో దగ్గరుండి చూడండి, మేస్త్రీలు ఎక్కువగా పూడ్చేసేది అక్కడే. గది నేల కింద ఒక మీటరు మందాన ఉబ్బని గరుసు మట్టి పరవడం కూడా మంచి మార్గం. ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి దీని మీద ఎంతో పని చేశారు. కర్ణాటకలో మలప్రభ కాలువలకు ఆ పద్ధతి వాడారు.

ప్రశ్న: నమస్తే సార్. కాకినాడలో బీటెక్ సివిల్ ఫైనలియర్ చదువుతున్నాను. ప్రాజెక్టుకు ఎలక్ట్రో ఆస్మాసిస్ తీసుకుందామంటే మా బ్యాచ్‌లో వాళ్లు, ఇది పుస్తకాల్లోనే ఉంటుంది, బయట ఎక్కడా వాడరు అంటున్నారు. నిజంగా వాడారా? ల్యాబ్‌లో మేం చేయగలమా? టెన్షన్‌గా ఉంది, గైడ్‌కు టాపిక్ చెప్పేయాలి.

జవాబు: టాపిక్ చెప్పెయ్ అమ్మా. బ్రహ్మాండమైన టాపిక్.

వాడారు. 1930లలో లియో కాసాగ్రాండే అనే ఇంజినీర్ జర్మనీలో దీన్ని ల్యాబ్ నుంచి పొలిమేర దాటించాడు. నువ్వు మట్టి వర్గీకరణలో చదివే ఆర్థర్ కాసాగ్రాండేకు ఈయన తమ్ముడు. 1939లో సాల్జ్‌గిట్టర్ దగ్గర రైలు మార్గం కోసం మెత్తటి బంక ఒండ్రును తవ్వుతుంటే గట్లు జారిపోతున్నాయి. బావులు దింపితే చుక్క చుక్కగా తప్ప నీళ్లు రావడం లేదు. రాడ్లు దింపి కరెంటు ఇవ్వగానే బావుల్లోకి వచ్చే నీరు నూరు రెట్లకు మించి పెరిగింది, గట్లు నిలిచాయి.

ఇక్కడ నువ్వు పట్టుకోవాల్సిన విషయం ఒకటుంది, చాలామంది దీన్ని గమనించకుండా వెళ్లిపోతారు. ఆ గట్టు నిలవడానికి కారణం బయటకు పోయిన నీటి పరిమాణం ఒక్కటే కాదు. తవ్విన గోతి ముఖం వైపు నీరు ఊరుతూ ఉంటే ఆ ప్రవాహమే మట్టిని గోతిలోకి తోస్తుంది. ప్లస్ రాడ్లను గోతి ముఖం దగ్గర, మైనస్ రాడ్లను గట్టు లోపల పెడితే నీరు వెనక్కి తిరుగుతుంది. ఇంతవరకు గట్టును పడదోసిన బలమే ఇప్పుడు దాన్ని పట్టి నిలుపుతుంది. స్విచ్ వేసిన కొద్దిసేపట్లోనే ఆ మార్పు మొదలవుతుంది, మట్టి ఆరే దాకా ఆగక్కర్లేదు. కాసాగ్రాండే చూపిన ఈ చాకచక్యం నాకు మొత్తం సాయిల్ మెకానిక్స్‌లోనే ఎంతో నచ్చిన వాటిలో ఒకటి. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో జర్మన్లు జలాంతర్గాముల స్థావరం తవ్వినప్పుడూ ఇదే పద్ధతితో గోతిని నిలబెట్టారు.

తర్వాత నార్వేలోనే ఓస్ అనే చోట, కదిలిస్తే నీళ్లలా జారిపోయే క్విక్ క్లేలో పునాది వేయాల్సి వచ్చింది. బ్యెర్రుమ్ అనే ఇంజినీర్, ఆయన సహచరులు కరెంటుతో ఆ మట్టి బలాన్ని కొన్ని రెట్లు పెంచి, ఆ వివరాలు 1967లో ప్రచురించారు. ఆ పత్రం వెతికి చదువు, కొలతలు ఎలా రాయాలో నేర్పుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని వెస్ట్ బ్రాంచ్ డ్యామ్ కట్టేటప్పుడు కింది బంకమట్టి పొరలో నీటి ఒత్తిడి పెరిగి కట్ట కదలడం మొదలైతే, 1960లలో ఇదే పద్ధతితో ఒత్తిడి తగ్గించారు.

విఫలమైన చోటు కూడా రాయి. పీసా వాలు గోపురం కింద నేలను సరిచేసే ఆలోచనల్లో ఇదీ ఒకటి. 1990లలో పెద్ద ఎత్తున పరీక్షించారు, అనుకున్న ఫలితం రాలేదు. చివరికి ఎత్తుగా ఉన్న వైపు నుంచి మట్టిని కొద్దికొద్దిగా తవ్వి తీసే పద్ధతితో గోపురాన్ని సరిచేశారు. మీ బ్యాచ్‌లో వాళ్ల మాటలో కొంత నిజం ఇక్కడుంది. ఈ పద్ధతి కొన్ని నేలలకే పనికొస్తుంది. మిగతా మార్గాలు మూసుకుపోయినప్పుడు, తక్కువ కాలం కోసం, దగ్గరుండి కొలుస్తూ వాడేది.

ఇక ల్యాబ్. అక్రిలిక్ పెట్టె చేయించు, 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు లోతు పదేసి. రెండు చివర్లా చిల్లులున్న రేకు ఎలక్ట్రోడ్లు, వాటికి వడపోత కాగితం. మైనస్ వైపు అడుగున చిన్న గొట్టం, దాని కింద కొలగాజు. మొదటి పరీక్ష చైనా క్లే అనే తెల్ల బంకమట్టితో చెయ్యి, మూడో నాలుగో రోజున రేగడికి వెళ్లు. 30 వోల్టుల డీసీ చాలు. చైనా క్లేలో మొదట గంటకు 18 మిల్లీలీటర్ల దాకా రావాలని లెక్క చెబుతుంది. నీకు అంతకంటే తక్కువే వస్తుంది, ఎందుకంటే ఎలక్ట్రోడ్‌కూ మట్టికీ మధ్య అంచులోనే కొన్ని వోల్టులు పోతాయి. ఎన్ని పోయాయో తెలియాలంటే పెట్టె పొడవునా సన్నటి తీగలు గుచ్చి ఒక్కోచోట వోల్టేజీ కొలువు. ప్రాజెక్టులో ఎవరూ చేయని పని ఇదే. అందరూ సప్లై మీద కనిపించే 30ని రాసేస్తారు. మట్టికి అందింది ఎంత అన్నదే అసలు అంకె.

మరుసటి రోజుకు ప్రవాహం పడిపోతుంది, కంగారు పడకు. ప్లస్ చివర మట్టి ఎండి, పగిలి, రేకును వదిలేస్తుంది. అక్కడ లిట్మస్ పెట్టి చూడు, ఎర్రబడుతుంది. ఆ చివర ఆమ్లం, మైనస్ చివర క్షారం పుడుతుంటాయి. ఆమ్లం లోపలికి పాకిన కొద్దీ రేణువుల మీది ఆవేశం తగ్గి, నీరు లాగే శక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు ప్లస్ మైనస్‌లు తారుమారు చేసి ఏమవుతుందో రాసుకో. కరెంటు కట్టేశాక పెట్టె పొడవునా మట్టి బలం కొలిచే వేన్ షియర్ పరీక్ష చేసి, తేమ శాతం తీయి. ప్లస్ వైపు నుంచి మైనస్ వైపు వచ్చే కొద్దీ బలం ఎలా తగ్గిందో ఒక గ్రాఫ్ గీస్తే, వైవా మొత్తం దాని మీదే నడుస్తుంది.

రేగడితో చేసినప్పుడు నీటిని గంటలతో కాక ఆంపియర్ గంటలతో భాగించి చూడు. అదే వోల్టేజీకి రేగడి ఎక్కువ కరెంటు తాగుతుంది, దానికి తగ్గ నీరు ఇవ్వదు. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే, పైన నంద్యాల ఇంటి ఉత్తరానికి నేనిచ్చిన జవాబు నీ చేతి లెక్కతో రుజువవుతుంది.

ఒక గట్టి మాట. గోడ ప్లగ్గులోని ఏసీని నేరుగా మట్టిలోకి ఎప్పుడూ పెట్టవద్దు. ఏసీతో నీరు అటూ ఇటూ ఊగుతుందే తప్ప ఎటూ పోదు, మనిషి ప్రాణం మాత్రం పోతుంది. 30 వోల్టులు దాటాలంటే గైడ్ పక్కన ఉండాలి. మైనస్ దగ్గర హైడ్రోజన్ వస్తుంది, కిటికీలు తెరిచి ఉంచు.

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా, పత్తి రైతును. రేగడిలో తడి ఎక్కువైతే నాగలికి, కల్టివేటర్‌కు మట్టి అంటుకుని ట్రాక్టర్ మూలుగుతుంది. నాగలికి కరెంటు పెడితే మట్టి అంటదని మా అల్లుడు ఎక్కడో చదివానంటున్నాడు. నమ్మవచ్చా సార్?

జవాబు: మీ అల్లుడు చదివింది నిజం. 1924లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో క్రౌథర్, హెయిన్స్ అనే ఇద్దరు ఈ పని చేసి ఫలితాలు ప్రచురించారు. మట్టిని తిరగేసే రెక్కను మైనస్ చేశారు, ముందు నేలను కోసే కత్తిని ప్లస్ చేశారు. మట్టిలోని నీరు రెక్క వైపు వచ్చి ఇనుముకూ మట్టికీ మధ్య పలుచటి పొరలా నిలిచింది. రెక్క జారింది, నాగలి లాగడానికి కావలసిన బలం తగ్గింది. పునాదుల కోసం దింపిన ఇనుప పైల్‌ను పైకి పెరకడానికీ ఇదే ఉపాయం. పైల్‌ను మైనస్ చేస్తే దాని చుట్టూ నీరు చేరి పట్టు సడలుతుంది.

కానీ పొలంలో నిలవలేదు. నాగలి కదులుతూనే ఉంటుంది, ఒక్కోచోట మట్టికి కరెంటు తగిలేది క్షణమే. ఆ క్షణంలో నీరు రావాలంటే కరెంటు ఎక్కువ పంపాలి. అంత కరెంటు పుట్టించే యంత్రాన్ని ట్రాక్టరే మోయాలి. పొదుపు చేసిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. పైగా దున్నేవాడి చుట్టూ తడి నేలలో కరెంటు పారడం ఎవరూ ఒప్పుకోకూడని విషయం. మీరు మటుకు పదును చూసి దున్నండి. గుప్పెడు మట్టి పిసికి, నడుం ఎత్తు నుంచి వదిలితే ముద్ద విడిపోవాలి. చేతికి అంటుకుంటే ఇంకా ఆగాలి. తడిలో దున్నిన రేగడి ఎండాక రాయిలా గడ్డకడుతుంది, దాన్ని పగలగొట్టే డీజిల్ ఖర్చు ఆ రెండు మూడు రోజులు ఆగడం కంటే ఎక్కువ.

ప్రశ్న: భీమవరం దగ్గర రెండెకరాలు రొయ్యల చెరువు వేశాం. నష్టాలొచ్చి మళ్లీ వరిలోకి వెళ్దామనుకుంటున్నాం. నేలంతా ఉప్పు. కరెంటుతో ఉప్పు నీళ్లు లాగేయొచ్చా అండి?

జవాబు: మీ నేలకు ఈ పద్ధతి అసలు వద్దండి. ఉప్పు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత తేలిగ్గా పారుతుంది, నీరు మాత్రం అంత తక్కువగా కదులుతుంది. రేగడి ఇంటికి వేసిన లెక్కలో 28 కిలోవాట్లు వచ్చింది కదా, ఉప్పు బురదలో అదే లెక్కకు ఐదు నుంచి పది రెట్లు పడుతుంది. ప్లస్ రాడ్ దగ్గర క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు విషం. సోడియం ఒకవైపు, క్లోరైడు ఒకవైపు విడిపోవడం నిజమే. ల్యాబ్‌లో గిన్నెడు మట్టికి చేయవచ్చు, రెండెకరాలకు కాదు.

మీకు చవకైన మార్గం పక్కనే ఉంది, కాలువ నీరు. ముందు చెరువు అడుగున పేరుకున్న నల్ల బురద తీసేసి, మూడు లోతుల్లో మట్టి నమూనాలు తీసి వ్యవసాయ శాఖ ల్యాబ్‌కు ఇవ్వండి. లవణ శాతం, పీహెచ్, సోడియం మూడూ అడగండి. పీహెచ్ 8.5 దాటి సోడియం ఎక్కువుందని వస్తేనే జిప్సం, వాళ్లు చెప్పిన మోతాదులో. ఉత్త ఉప్పే అయితే జిప్సం అక్కర్లేదు, మంచినీళ్లు నిలగట్టి కిందికి దింపి బయటకు పంపడమే మందు. ఆ దిగిన నీళ్లకు దారి లేకపోతే ఎంత నీరు పెట్టినా ఎండాకాలంలో ఉప్పు మళ్లీ పైకి తేలుతుంది. బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలు కృష్ణా డెల్టాలో ఉప్పుగుండూరు దగ్గర, మీ పక్కనే కాళీపట్నం దగ్గర రైతుల పొలాల్లో నేల కింద చిల్లుల పైపులు వేసి ఉప్పు నీటిని బయటకు తీసి చూపించారు. ఆ పొలాలు ఒకసారి వెళ్లి చూడండి, అక్కడి రైతులతో మాట్లాడండి. మీ చేను నీళ్లు పడే మురుగు కాలువ మట్టం మీ చేను కంటే కిందికి ఉందో లేదో ముందు కొలిపించండి. అది పైన ఉంటే పైపులు వేసినా నీరు వెనక్కి తన్నుతుంది, చిన్న మోటారుతో తోడే గుంత ఒకటి పెట్టుకోవాల్సి వస్తుంది. మొదటి రెండు పంటలకు ఉప్పును తట్టుకునే వరి రకం ఏది వేయాలో మార్టేరు పరిశోధన కేంద్రంలో అడగండి, మీకు దగ్గరే.